తెల్లబడిన బంగారాన్ని ఇంట్లో వేడి చేయొద్దని దయచేసి సవరణ వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఎన్ఆర్ఐ పేజీలో కాలిఫోర్నియా నదుల్లో మనవాళ్ళు వీకెండ్ వెళ్ళి ఇసుక జల్లించి బంగారం రేణువులు ఏరుకుంటున్నారని ఒక ఐటం వేశారు. చదవటానికి బాగుంది, పిల్లల ఫోటోలు కూడా ముచ్చటగా ఉన్నాయి. కానీ చివర్లో ఒక మాట రాశారు చూడండి, కొన్ని రేణువులు వెండిలాగా తెల్లగా దొరుకుతాయి, అవి పాత మైనింగ్ నాటి పాదరసం అంటుకున్నవి, ఇంట్లో స్టవ్ మీద కాస్త వేడి చేస్తే పాదరసం ఎగిరిపోయి పసుపు రంగు వచ్చేస్తుంది అని. ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం. ఎగిరిపోయిన పాదరసం ఎక్కడికీ పోదండీ, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. దయచేసి సవరణ వేయండి, ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో కాకుండా ఆ ఐటం వచ్చిన చోటే, అంత సైజులోనే.

నేను ఉండేది ఫాల్సమ్ లో, అమెరికన్ రివర్ మా ఊరు పక్కనుంచే పోతుంది. ఫాల్సమ్, ఎల్ డొరాడో హిల్స్, రోజ్‌విల్ ఈ చుట్టుపక్కల ఎన్ని తెలుగు కుటుంబాలున్నాయో మీకు తెలుసు, ఎండాకాలం వచ్చిందంటే ఊరి నుంచి అమ్మానాన్నలు కూడా వస్తారు, వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళాలా అనుకుంటే ముందు గుర్తొచ్చేది కొలోమానే. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ కి బంగారం కనిపించిన చోటు అది, ఇప్పుడు స్టేట్ పార్క్, పళ్ళెం పట్టుకుని చేత్తో జల్లించుకోవటానికి ఒక చోటు కేటాయించారు. ఆ సరదాని నేనేమీ తప్పు పట్టటం లేదు, మా పిల్లల్ని కూడా తీసుకెళ్తా. ఇంకో సంగతి, మాది ప్రొద్దుటూరులో బంగారం పని చేసిన కుటుంబం. కుంపటి, మూస, ఊదుగొట్టం మధ్య పెరిగినవాడిని కాబట్టి ఈ విషయంలో మనవాళ్ళ ఆలోచన ఎటు పోతుందో నాకు బాగా తెలుసు, "మన కంసాళ్ళు తరతరాలుగా చేసిందే కదా" అంటారు. దాని సంగతి కూడా చెప్తా.

ముందు ఏట్లోకి పాదరసం ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే చాలామంది అది సహజంగా ఉండేదే అనుకుంటున్నారు. కాదు. 1850ల్లో సియెర్రా నెవాడా కొండల్లో ఏటి ఒడ్డు బంగారం అయిపోవస్తుంటే పెద్ద పెద్ద నీటి ఫిరంగులు పెట్టి కొండల్నే కోసి కిందికి కడిగేశారు, దాన్ని హైడ్రాలిక్ మైనింగ్ అంటారు. ఆ బురద నీళ్ళని పొడుగాటి చెక్క కాలవల్లోంచి పారించి, కాలవ అడుగున అడ్డుపట్టీల మధ్య పాదరసం పోసేవాళ్ళు, ఒక్కో కాలవలో వందల పౌండ్లు. సన్నటి బంగారం నలుసులు నీళ్ళతో కొట్టుకుపోకుండా పాదరసం పట్టుకుంటుంది, రాయిని ఇసుకని పట్టుకోదు, అదీ దాని గుణం. ఆ పాదరసం కోసం దూరం కూడా పోనక్కర్లేదు, శాన్ హోసే దక్షిణాన న్యూ అల్మాడెన్ గని ఉంది, అక్కడ ఇంగిలీకం రాయిని కాల్చి పాదరసం తీసి 76 పౌండ్ల ఇనుప సీసాల్లో పంపేవాళ్ళు. ఒక్క సీజన్లో కాలవలో పోసిన దాంట్లో పది నుంచి ముప్పై శాతం నీళ్ళతో పాటు ఏట్లోకి పోయేదట. అమెరికా భూగర్భ సర్వే వాళ్ళ అంచనా ప్రకారం కాలిఫోర్నియాలో ఇలాంటి ఏటి మైనింగ్ లోనే కోటి పౌండ్లు, అంటే దాదాపు 4,500 టన్నుల పాదరసం పర్యావరణంలో కలిసిపోయింది, ఎక్కువ భాగం ఈ సియెర్రా కొండల్లోనే. కింద మైదానంలో రైతుల పొలాలు బురదతో పూడిపోతే వాళ్ళు కోర్టుకెళ్ళారు, 1884లో జడ్జి లొరెంజో సాయర్ తీర్పుతో కొండ కడిగిన మట్టిని నదుల్లోకి వదలటం ఆగింది. మైనింగ్ ఆగింది గానీ పాదరసం ఆగలేదు, 140 ఏళ్ళు దాటినా ఇంకా బండల పగుళ్ళలో, గులకరాళ్ళ అడుగున, పాత సొరంగాల్లో అలాగే కూర్చుని ఉంది.

పళ్ళెంలో ఇసుక తిప్పుతుంటే అడుగున బూడిద రంగు బొట్లు కదిలేది అదే. దాని పక్కన తెల్లగా, మెత్తగా, గోరుతో నొక్కితే కొంచెం అణిగే ముక్కలు కనపడితే అవి బంగారం మీద పాదరసం పట్టినవి. చూసినవాళ్ళకి సంతోషం వేస్తుంది, లోపల బంగారం ఉందని తెలుసు కాబట్టి దాన్ని తీయాలనిపిస్తుంది, తప్పు లేదు. తీసే పద్ధతి దగ్గరే ప్రాణాల మీదికి వస్తోంది. మొన్న మా వాట్సాప్ గ్రూప్ లో ఒక వీడియో వచ్చింది, మన తెలుగాయనే, గ్యారేజ్ లో క్యాంపింగ్ స్టవ్ మీద గరిటెలో ఆ తెల్ల ముద్ద పెట్టి వేడి చేస్తున్నాడు, వెనకాల ఏడెనిమిదేళ్ళ పాప నిలబడి చూస్తోంది. కింద అందరూ సూపర్, సూపర్ అని కామెంట్లు. దానికి తోడు ఇప్పుడు మీ పేపర్ కూడా అదే మాట రాసేసరికి ఇంక రాయకుండా ఉండలేకపోయాను.

పాదరసం 357 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, బంగారం కరగాలంటే 1,064 డిగ్రీలు కావాలి. అందుకే వేడి చేస్తే పాదరసం పోయి బంగారం మిగిలేది, ఆ సైన్స్ కరెక్టే. కానీ ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు కూడా అప్పటికప్పుడు రాదు, కాబట్టి పీలుస్తున్నామన్న సంగతే తెలియదు. పీల్చిన ఆవిరిలో దాదాపు 80 శాతం ఒంట్లోకి వెళ్ళిపోతుంది, అక్కడ్నుంచి రక్తం ద్వారా మెదడుకి, మూత్రపిండాలకి. విచిత్రం ఏంటంటే అదే పాదరసం పొరపాటున మింగితే పేగుల్లోంచి ఒంటికి పట్టేది దాదాపు ఏమీ ఉండదు, అలాగే బయటికి పోతుంది. అది విని "చిన్నప్పుడు థర్మామీటర్ పగిలితే చేత్తో ఆడుకున్నాం ఏమైంది" అనేవాళ్ళు ఉన్నారు. ప్రమాదం గాలిలో ఉంది, అందులోనూ వేడి చేసినప్పటి గాలిలో.

లెక్క చెప్తాను, ఎవరైనా వేసి చూసుకోవచ్చు. పాదరసం, బంగారం కలిసిన ముద్దని గుడ్డలో వేసి బాగా పిండితే అందులో సుమారుగా సగం బంగారం, సగం పాదరసం ఉంటుంది. అంటే ఒక గ్రాము బంగారం కోసం వేడి చేస్తే ఒక గ్రాము దాకా పాదరసం ఆవిరవుతుంది. రెండు కార్ల గ్యారేజ్ లో గాలి రమారమి 100 ఘనపు మీటర్లు. ఒక గ్రాముని అందులో కలిపితే ఘనపు మీటరుకి 10 మిల్లీగ్రాములు. ఇక్కడ కార్మికుల ఆరోగ్య సంస్థ నయోష్ పనిచేసే చోట గాలికి చెప్పే హద్దు 0.05 మిల్లీగ్రాములు. అంటే 200 రెట్లు ఎక్కువ, అదీ పెద్దవాళ్ళు పనిచేసే చోటుకి పెట్టిన హద్దుకి, పిల్లలు పడుకునే ఇంటికి కాదు. గ్యారేజ్ డోర్ తీసి పెట్టాం, ఫ్యాన్ పెట్టాం అంటారు, కానీ స్టవ్ ముందు వంగి చూసే మనిషి ముఖం దగ్గర గాలి ఆ లెక్క కంటే ఇంకా ఘోరంగా ఉంటుంది. ఆవిరి చల్లారి గోడల మీద, కార్పెట్ లో, బట్టల్లో మళ్ళీ సన్నటి బొట్లుగా పడుతుంది, అక్కడ్నుంచి మామూలు గది వేడికే రోజుల తరబడి కొంచెం కొంచెం లేస్తూనే ఉంటుంది.

ఇది ఊరికే భయపెట్టటం కాదు. 1989లో ఇదే అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఒక ఇంట్లో, పళ్ళకి నింపే అమాల్గం, అంటే వెండి, పాదరసం కలిసిన ముద్ద, కొని బేస్‌మెంట్ లో కొలిమి పెట్టి అందులోంచి వెండి తీద్దామని కరిగించారు. ఆ ఇంట్లో ఉన్న నలుగురు పెద్దవాళ్ళు కూడా కొన్ని వారాల్లో చనిపోయారు. కరిగించిన మనిషి ఒక్కడే కాదండీ, నలుగురూ. హాస్పిటల్ లో మందులిచ్చినా ఆగలేదు, ఎందుకంటే ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిన్నాయి. డాక్టర్ల పత్రికల్లో నమోదైన కేసు ఇది. మొదటి కొన్ని గంటల్లో వచ్చేవి జ్వరం, చలి, దగ్గు, ఛాతీ బిగుసుకుపోవటం, నోట్లో ఇనుము రుచి, ఇవన్నీ ఫ్లూ లాగే ఉంటాయి కాబట్టి జనం పారాసెటమాల్ వేసుకుని పడుకుంటారు. పాదరసం వేడి చేశామని డాక్టర్ కి చెప్పకపోతే ఆయనకీ తట్టదు. కాబట్టి చెప్పాలి, సిగ్గుపడకుండా చెప్పాలి.

ఇప్పుడు మన కంసాళ్ళ సంగతి. మా పెదనాన్న వాళ్ళ కాలంలో కొట్లో ఊడ్చిన దుమ్ముని పారేసేవాళ్ళు కాదు, ఏడాదంతా పోగేసి, తొట్టిలో కడిగి, మిగిలిన మట్టిలో పాదరసం వేసి రుద్ది, గుడ్డలో పిండి, ఆ ముద్దని కుంపటి మీద పెట్టేవాళ్ళు. విగ్రహాలకి, కలశాలకి బంగారు పూత వేయటం కూడా పాదరసంతోనే నడిచేది. నిజమే, తరతరాలుగా చేశారు. కానీ ఆ పనిలో ముసలివాళ్ళైన వాళ్ళని చూసినవాళ్ళు చెప్పాలి ఎలా బతికారో, చేతులు వణకటం, చిగుళ్ళు వాచి నెత్తురు రావటం, ఊరికే కోపం రావటం, మతిమరుపు, రాత్రుళ్ళు నిద్ర పట్టకపోవటం, ఇవన్నీ పాదరసం ఆవిరి ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి వచ్చేవే అని వైద్యం పుస్తకాల్లో స్పష్టంగా ఉంది. వాళ్ళకి వేరే దారి తెలియక, గడవక చేశారు. వాళ్ళ పనితనం మీద నాకున్న గౌరవం ఎవరికీ తక్కువ కాదు, కానీ ఆ గౌరవం పేరు చెప్పి ఇవాళ ఐటీ ఉద్యోగం చేసుకుంటూ వీకెండ్ సరదాకి పిల్లల ముందు ఆ పని చేయటం సరి కాదు.

మరి బంగారాన్ని పాదరసం నుంచి జాగ్రత్తగా విడదీసే పద్ధతే లేదా అంటే ఉంది, దాని పేరు రిటార్ట్. మూత గట్టిగా బిగించిన ఇనుప పాత్ర, పైనుంచి ఒక ఇనుప గొట్టం బయటికి వచ్చి కిందికి వాలుగా ఉంటుంది, ఆ గొట్టం చుట్టూ చల్లటి నీళ్ళు. పాత్రని వేడి చేస్తే లోపల పాదరసం ఆవిరై గొట్టంలోకి పోయి, చల్లబడి, మళ్ళీ ద్రవమై బొట్లు బొట్లుగా కింద నీళ్ళ గిన్నెలో పడుతుంది. సారా బట్టీలో ఆవిరి పట్టినట్టే అనుకోండి. సరిగ్గా నడిపితే 95 శాతం పైనే పాదరసం మళ్ళీ చేతికొస్తుంది, గాలిలోకి పోదు. వినటానికి సులువే గానీ ప్రతి చిన్న దాంట్లోనూ ఒక ప్రమాదం ఉంది. పాత్ర ఇనుము లేదా ఉక్కుదే అయ్యుండాలి, రాగి, ఇత్తడి, జింకు పూత పూసిన పైపులు, సోల్డర్ వేసిన అతుకులు పనికిరావు, పాదరసం వాటిని తినేసి ఎక్కడో కన్నం పెడుతుంది. మూత దగ్గర కొంచెం సందున్నా ఆవిరంతా అక్కడ్నుంచే వస్తుంది, కంటికి కనపడదు. గొట్టం కొస నీళ్ళలో మునిగి ఉండకూడదు, ఇది చాలామందికి తెలియదు, మంట తీసేసరికి లోపల గాలి కుంచించుకుపోయి నీళ్ళని వెనక్కి పీల్చుకుంటుంది, ఎర్రగా కాలిన పాత్రలోకి నీళ్ళు పోతే పేలిపోతుంది. అందుకని కొసని నీళ్ళకి కొంచెం పైన ఉంచి తడిగుడ్డ చుడతారు. చివరిగా పాత్ర పూర్తిగా చల్లారే దాకా మూత తీయకూడదు, అది గంటల పని, ఆత్రం ఆగనివాళ్ళకి దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే.

అదంతా చేశాక కూడా పాత్రలో మిగిలేది స్పాంజి లాంటి బంగారం, దాంట్లో ఇంకా కొన్ని శాతాల పాదరసం ఇరుక్కుని ఉంటుంది. దాన్ని కరిగించేటప్పుడు అది మళ్ళీ లేస్తుంది. పెరూలో మాద్రె దె దియోస్ లాంటి చోట్ల గనులకి దూరంగా ఊళ్ళో కూర్చుని బంగారం కొనే షాపుల వాళ్ళకి కూడా పాదరసం పడుతోందంటే కారణం ఇదే, అందుకే అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ, ఆర్గాన్ నేషనల్ ల్యాబ్ కలిసి అలాంటి షాపుల కోసం పొగగూడులో పాదరసం పట్టే ఏర్పాటు డిజైన్ చేశాయి. కాబట్టి రిటార్ట్ అనేది శిక్షణ ఉన్నవాళ్ళు, సరైన చోట, కొలిచే పరికరాలు పెట్టుకుని చేసే పని. ఆన్‌లైన్ లో పైపు ముక్కలు కొనుక్కుని పెరట్లో బిగించుకునే పని కాదు. బంగాళాదుంపని రెండుగా కోసి గుంట చేసి అందులో ముద్ద పెట్టి నిప్పుల్లో కాలుస్తారు చూడండి, అది ఇక్కడి పాతకాలపు మైనర్ల చిట్కా, ఇప్పుడు వీడియోల్లో తెగ తిరుగుతోంది. దుంప కొంత ఆవిరిని పట్టుకుంటుందేమో గానీ మిగతాది పగుళ్ళలోంచి బయటికే వస్తుంది, దాన్ని ఎవరూ నమ్మకండి.

నైట్రిక్ యాసిడ్ తో చేయొచ్చు కదా, మంట అక్కర్లేదు కదా అని ఒకాయన అడిగారు. యాసిడ్ పాదరసాన్ని కరిగించి బంగారాన్ని వదిలేస్తుంది, నిజమే. కానీ దాన్నుంచి వచ్చే ఎర్రటి గోధుమరంగు పొగ ఊపిరితిత్తులకి ఇంకో విషం, పైగా మిగిలిన నీళ్ళలో ఉన్నది కరిగిన పాదరసం ఉప్పు, అది మామూలు పాదరసంలా కాదు, చర్మం నుంచి కూడా ఒంట్లోకి పోతుంది, మింగితే మనిషి బతకటం కష్టం. ఆ నీళ్ళని ఏం చేస్తారు? సింక్ లో పోస్తారు. అక్కడ్నుంచి మళ్ళీ ఏట్లోకే.

ఆడవాళ్ళ కోసం ఒక మాట ప్రత్యేకంగా వేయండి. చేతికి బంగారు గాజులు, ఉంగరం పెట్టుకుని ఆ బొట్లని ముట్టుకుంటే క్షణాల్లో గాజు తెల్లబడిపోతుంది, అయ్యో గాజు పాడైపోయిందే అని కంగారులో గ్యాస్ మీద పెట్టి కాలుస్తారు, మా చుట్టాల్లోనే ఒకావిడ ఆ ప్రయత్నం చేస్తుంటే ఫోన్లో ఆపాను. గాజు ఎక్కడికీ పోదు, దాన్ని జిప్ కవర్ లో వేసి పక్కన పెట్టండి, వేడి మాత్రం తగలనీయకండి. అసలు ఏటికి వెళ్ళేటప్పుడే అవి తీసేసి వెళ్తే గొడవే లేదు. ఇంకొకటి, పాదరసాన్ని అల్యూమినియం గిన్నెలో, టిఫిన్ బాక్స్ లో వేయొద్దు, అల్యూమినియాన్ని కొరికి పొడి చేసేస్తుంది. విమానంలో పాదరసం తీసుకెళ్ళనివ్వకపోవటానికి కారణం కూడా అదే, విమానం ఒళ్ళంతా అల్యూమినియమే కదా. "ఇండియాకి తీసుకెళ్తే మన ఊరి కంసాలి తీసిపెడతాడు" అని సూట్‌కేస్ లో సర్దే ఆలోచన ఉంటే అది మానుకోండి, చట్టప్రకారం కుదరదు, పైగా అక్కడ ఆ కంసాలి కూడా ఒక మనిషే, ఆయన ఇంట్లోనూ పిల్లలుంటారు.

ఇంత చేసి వచ్చేది ఎంత అనుకుంటున్నారు? మామూలు వేడిలో పాదరసంలో కరిగి ఉండే బంగారం వెయ్యి పాళ్ళలో ఒక పాలు కంటే కొంచెం ఎక్కువ. అంటే గుడ్డలోంచి జారిపోయేంత పలచటి పాదరసం 100 గ్రాములు పోగేసినా అందులో కరిగిన బంగారం గ్రాములో పదోవంతు కాస్త దాటుతుంది, అంతే. తెల్లబడిన రేణువుల్లో ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది, ఒప్పుకుంటా, కానీ ఒక వీకెండ్ లో పళ్ళెంతో దొరికేవి నలుసులు. ఇద్దరు పిల్లలున్న ఇల్లు దానికోసం పణంగా పెట్టే లెక్కా ఇది.

దొరికితే ఏం చేయాలో కూడా సవరణలో వేయండి, చేయొద్దు అని మాత్రమే చెప్తే జనం దాన్ని ఏట్లోనే విసిరేస్తారు, లేదా చెత్తడబ్బాలో వేస్తారు. మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, పైన కొంచెం నీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, పాదరసం అని పెద్దగా రాసి, పిల్లలకి అందని చోట, ఇంటి బయట పెట్టాలి. సీసా చిన్నదే తీసుకోండి, అర లీటరు పాదరసం దాదాపు 7 కిలోలు ఉంటుంది, చేతిలోంచి జారితే అంతే. తెల్లబడిన బంగారం కూడా అలాగే నీళ్ళలో ఉంచండి, సీసాలో చూసుకోవటానికి బాగానే ఉంటుంది, మాకూ ఒకటి అలాగే ఉంది. వద్దనుకున్న పాదరసాన్ని మీ కౌంటీ వాళ్ళ హౌస్‌హోల్డ్ హజార్డస్ వేస్ట్ సెంటర్ కి ఇచ్చేయొచ్చు, పాత పెయింట్లు, బ్యాటరీలు తీసుకునే చోటే ఇదీ తీసుకుంటారు, ముందు ఒక ఫోన్ చేసి వెళ్ళండి. ఎక్కడ దొరికిందని ఎవరూ కేసు పెట్టరు, వాళ్ళకి కావాల్సింది ఏట్లోంచి అది బయటికి రావటమే.

ఇంట్లో ఒలికితే మాత్రం వాక్యూమ్ పెట్టొద్దు, చీపురు కూడా వద్దు. వాక్యూమ్ దాన్ని ఆవిరి చేసి ఇల్లంతా చల్లుతుంది, చీపురు చిన్న చిన్న బొట్లుగా విరగ్గొడుతుంది. పిల్లల్ని, కుక్కని బయటికి పంపి, ఆ గది తలుపు వేసి, కిటికీలు తీసి, ఏసీ హీటర్ ఆపి, గట్టి అట్టముక్కతో దగ్గరికి తోసి, డ్రాపర్ తో ఎత్తి సీసాలో వేయాలి, మిగిలిన సన్నటి బొట్లు టేప్ కి అంటుకుంటాయి. రెండు టేబుల్‌స్పూన్లకి మించి ఒలికితే, అంటే దాదాపు ఒక పౌండు, మీరు ముట్టుకోకుండా బయటికి వచ్చి నేషనల్ రెస్పాన్స్ సెంటర్ కి ఫోన్ చేయాలి, అంత ఒలికితే చెప్పి తీరాలని రూల్ ఉంది.

ఏటి చేపల గురించి కూడా రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది, ఎందుకంటే పాదరసాన్ని వేడి చేసేవాళ్ళు పదిమంది ఉంటే చేపలు పట్టుకొచ్చి పులుసు పెట్టేవాళ్ళు వందమంది ఉన్నారు. ఏటి అడుగు బురదలో ఉండే బాక్టీరియా ఈ పాత పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది, అది నాచులోకి, పురుగులోకి, చిన్న చేపలోకి, పెద్ద చేపలోకి పోతూ పైకి పోయేకొద్దీ పేరుకుంటుంది. దీన్ని మింగితే మాత్రం ఒంటికి దాదాపు పూర్తిగా పడుతుంది, కడుపులో బిడ్డ మెదడు దాకా వెళ్తుంది. ఫాల్సమ్ లేక్, లేక్ నటోమా, అమెరికన్ రివర్, డెల్టా, శాన్ ఫ్రాన్సిస్కో బే వీటన్నిటికీ కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ ఓఈహెచ్‌హెచ్‌ఏ ఏ చేప ఎంత తినొచ్చో సలహాలు ఇచ్చింది, ఒడ్డున బోర్డులు ఉంటాయి, ఇంగ్లీషులో, స్పానిష్ లో ఉంటాయి, తెలుగులో ఉండవు కాబట్టి ఊరి నుంచి వచ్చిన నాన్నగారు చదవరు. బాస్ లాంటి పెద్ద వేట చేపల్లో ఎక్కువ, రెయిన్‌బో ట్రౌట్ లో తక్కువ. పిల్లలు కనే వయసు ఆడవాళ్ళు, పిల్లలు బాస్ కి దూరంగా ఉండటం మంచిది. బాగా ఉడకబెడితే పోతుంది, తోలు తీసేస్తే పోతుంది, చింతపండు వేస్తే విరుగుతుంది అంటుంటారు, ఏదీ నిజం కాదు, అది కండలోనే ఉంటుంది. చేపలు మానమని నేను అనటం లేదు, చేప మంచి ఆహారం, బోర్డు చూసి ఏ చేపో తెలుసుకుని తినమంటున్నా.

ఇదేదో అమెరికా గొడవ అని ఊళ్ళో ఉన్న పాఠకులు పేజీ తిప్పేయకూడదని ఇంకో రెండు ముక్కలు. ఇవాళ ప్రపంచంలో గాలిలోకి మనుషుల వల్ల పోతున్న పాదరసంలో అన్నిటికంటే పెద్ద వాటా చిన్న చిన్న బంగారం గనులదే, ఐక్యరాజ్య సమితి 2018 లెక్కల్లో అది 38 శాతం దాకా ఉంది. ఘనాలో, ఇండోనేషియాలో, పెరూలో లక్షల కుటుంబాలు ఇళ్ళ మధ్యే ముద్దని కాలుస్తున్నాయి. పాదరసాన్ని తగ్గించటానికి దేశాలన్నీ చేసుకున్న, 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చిన మినమాటా ఒప్పందంలో బహిరంగంగా కాల్చటం, ఇళ్ళ మధ్య కాల్చటం, పాదరసం ఉన్న మట్టిని అలాగే సైనైడ్ లో నానబెట్టటం ఇవన్నీ తీసేయాల్సిన పనులని పేరుపేరునా రాశారు, మన దేశం కూడా 2018లో ఆ ఒప్పందంలో చేరింది. మన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ లో, మన చిత్తూరు వైపు నుంచి ఎన్నో కుటుంబాలు వెళ్ళి పనిచేసిన చోట, ఒకప్పుడు పాదరసం పూసిన రాగి పలకల మీదే బంగారం పట్టేవాళ్ళు. కాబట్టి ఇది మనకి కొత్త సంగతి కాదు.

నాకు నిజంగా సంతోషం కలిగించే విషయం ఫిలిప్పీన్స్ లో ఉంది. అక్కడ బెంగెట్ కొండల్లో చిన్న మైనర్లు కొన్ని దశాబ్దాలుగా పాదరసం ముట్టుకోకుండానే బంగారం తీస్తున్నారు. మట్టిని నీళ్ళతో బాగా కడిగి కడిగి బరువైన భాగం మాత్రమే మిగిల్చి, దాంట్లో బోరాక్స్ కలిపి కరిగిస్తారు, అంటే మన వెలిగారం! బోరాక్స్ వల్ల మిగతా ఖనిజాలు తక్కువ వేడికే కరిగి తేటపడి విడిపోతాయి, బంగారం అడుగుకి దిగిపోతుంది. పీటర్ అప్పెల్ అనే డెన్మార్క్ భూగర్భ శాస్త్రవేత్త అక్కడ ఆ పద్ధతి చూసి వేరే దేశాల మైనర్లకి కూడా నేర్పించే పని పెట్టుకున్నారు. మన ప్రతి కంసాలి కొట్టులో డబ్బాలో ఉండే వెలిగారం ఈ పని చేస్తుందని చదివినప్పుడు మా పెదనాన్నకి చెప్పాలనిపించింది, ఆయన లేరు. అయితే ఒకటి, ఆ పద్ధతి పాదరసం తగలని మట్టికే. మన ఏట్లో దొరికే తెల్ల ముక్కలకి వెలిగారం వేసి ఊదినా ఆవిరి ఆవిరే, కాబట్టి దీన్ని చదివి ఎవరూ ఆ ప్రయోగం పెట్టుకోవద్దు.

ఎడిటర్ గారూ, మీరు వేసే సవరణలో ఈ మూడూ తప్పకుండా ఉండేలా చూడండి: పాదరసం అంటిన బంగారాన్ని ఇంట్లో గానీ పెరట్లో గానీ వేడి చేయకూడదు, యాసిడ్ వేయకూడదు, సీసాలో నీళ్ళ కింద ఉంచాలి, వద్దనుకుంటే కౌంటీ సెంటర్ కి ఇవ్వాలి. ఇక్కడి తెలుగు సంఘాల వాళ్ళు పిక్నిక్ లకి ఈ నదుల దగ్గరికే వస్తారు, మీరు వేస్తే ఆ కటింగ్ వాళ్ళ గ్రూపులన్నిట్లో పెట్టే బాధ్యత నాది. ఇప్పటికే ఎవరైనా వేడి చేసి ఉంటే, దగ్గు, జ్వరం, ఆయాసం ఉంటే ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళి పాదరసం అని చెప్పమనండి. ఏ ఇబ్బందీ లేకపోయినా అనుమానం ఉంటే అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, రోజంతా పనిచేస్తుంది, ఫ్రీ, తెలుగు మాట్లాడే దుబాసీ కావాలని కూడా అడగొచ్చు.

ఇట్లు
మీ పాఠకుడు,
ఫాల్సమ్, కాలిఫోర్నియా
(సొంత ఊరు ప్రొద్దుటూరు)